ఓముల లెక్క, పిడుగు లెక్క: యాంటెన్నా ఎర్తింగుపై ఒక సంవాదం

యాంటెన్నా స్తంభాన్ని నేలతో కలపడానికి పాతిపెట్టే లోహపు కడ్డీని, పలకను లేదా పట్టీని ఎర్త్ ఎలక్ట్రోడ్ అంటారు. అది ఎటువంటిదై ఉండాలి, ఎంత పొడవుండాలి, ఎన్ని పాతాలి అన్న విషయంలో విద్యుత్ పంపిణీలో తల పండినవారి తీర్పూ, రేడియో పనిలో తల పండినవారి తీర్పూ తరచుగా పొసగవు. ఆ భేదాన్ని విడమరచడానికి ఇక్కడ ఇద్దరిని ఎదురెదురుగా నిలపడమైనది: ఒకరు పంపిణీ రంగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న విద్యుత్ ఇంజినీరు, మరొకరు వయసులో ఆయన కన్నా చిన్నవారైన రేడియో ఇంజినీరు. వారి ముందున్న సమస్య హైదరాబాదులో బంజారా హిల్స్ వంటి గ్రానైట్ గుట్ట మీద కట్టిన రెండంతస్తుల ఇల్లు. దాని పక్కన కాంక్రీటు పునాదిపై నిలిపిన 12 మీటర్ల ఉక్కు స్తంభం, దానికి మూడు వైపులా స్టే వైర్లు, మేడ మీది గదిలో హామ్ రేడియో. నేల పైపొర మూరెడు మొరం, దాని కింద రాయి. ఇల్లు ఊహించినదే గానీ, అటువంటి నేల ఆ నగరంలో వెతకనక్కరలేకుండానే దొరుకుతుంది.

విద్యుత్ ఇంజినీరు: మన దేశంలో ఎర్తింగుకు ఆధారం ఐఎస్ 3043 అనే ప్రమాణం, 1966 నాటి ఆ పత్రాన్ని 1987లోనూ 2018లోనూ సవరించారు. గొట్టం వాడితే లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లకు తగ్గని జీఐ గొట్టం, అంటే జింకు పూత పూసిన ఇనుప గొట్టం, రెండున్నర మీటర్లకు తగ్గకుండా ఉండాలి; పలక వాడితే అది 60 సెంటీమీటర్ల చదరంగా, రాగిదైతే 3.15, జీఐదైతే 6.3 మిల్లీమీటర్ల మందంతో, పై అంచు నేలమట్టానికి మీటరున్నర కిందుగా ఉండాలి. కనుక స్తంభం పక్కన దానికంటూ విడిగా ఒక గొయ్యి తవ్వి, రాగి పలకను నిలువుగా దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా నింపి, నేల నిరోధాన్ని చూపే ఎర్త్ మెగ్గరుతో కొలిచి, పది ఓముల లోపు వచ్చేదాకా మరో గొయ్యి తవ్విస్తూ పోతే చాలు. ఇంటి ఎర్తింగును దీనితో కలపనక్కరలేదు. పిడుగు దారి పిడుగుది, కరెంటు దారి కరెంటుది.

రేడియో ఇంజినీరు: ఆ కొలతలు పాటించవలసినవే గానీ, సార్, అవి నేల ఎటువంటిదో అడగకుండా చెప్పిన కనీస కొలతలు. మట్టికి విశిష్ట నిరోధం అని ఒక గుణం ఉంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న మట్టి దిమ్మెలో ఎదురెదురు ముఖాల మధ్య కరెంటుకు కలిగే అడ్డంకి అది, దాన్ని ఓమ్-మీటర్లలో చెబుతారు. తడిసిన నల్లరేగడిలో అది పది ప్రాంతంలో ఉంటే, గులకతో కూడిన ఎర్రనేలలో వందల్లోకి, గ్రానైటులో వేలల్లోకి పోతుంది. ఎలక్ట్రోడ్ నిరోధం ఈ విలువను బట్టి సరిగ్గా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 16 మిల్లీమీటర్ల లావు, 3 మీటర్ల పొడవు ఉన్న కడ్డీ నూరు ఓమ్-మీటర్ల నేలలో సుమారు 33 ఓములు చూపితే, అదే కడ్డీ నల్లరేగడిలో 3 ఓములు, వెయ్యి ఓమ్-మీటర్ల గుట్ట నేలలో 335 ఓములు చూపుతుంది. మీరు చెప్పిన రాగి పలకకు ఐఎస్ సూత్రంతోనే లెక్క కడితే, రెండు ముఖాలూ కలిపినా నూరు ఓమ్-మీటర్ల నేలలో 52 ఓములు వస్తాయి. అంటే ఖర్చు ఎక్కువైన పలక కన్నా సన్నని కడ్డీయే మెరుగన్నమాట.

విద్యుత్ ఇంజినీరు: పలక మీద ఈ పక్షానికి ప్రత్యేకమైన మమకారమేమీ లేదు, కడ్డీయే కానివ్వండి. అయితే ఇళ్ల యజమానులు అడిగేదీ, దుకాణాల్లో అమ్మేదీ లావు కడ్డీ. లావు పెరిగితే మట్టికి తగిలే ఉపరితలం పెరుగుతుంది కదా?

రేడియో ఇంజినీరు: ఉపరితలం రెట్టింపవుతుంది గానీ నిరోధం సగం కాదు. సూత్రంలో పొడవు హారంలో నేరుగా నిలిచి ఉంటే, వ్యాసం లాగరిథమ్ లోపల దాక్కుని ఉంటుంది. ఆ 16 మిల్లీమీటర్ల కడ్డీని 32 చేస్తే 33 ఓములు 30కి దిగుతాయి. లావు మార్చకుండా పొడవును 6 మీటర్లు చేస్తే 19కి దిగుతాయి. కరెంటు కడ్డీని విడిచి మట్టిలో విస్తరించేటప్పుడు ఎదురయ్యే అడ్డంకిలో అధికభాగం కడ్డీ చుట్టూ ఉన్న మొదటి పొరల్లోనే ఉన్నా, ఆ పొరలను కడ్డీ లావు కొంచెమే దాటించగలదు. కడ్డీ లావు ఎంచుకోవడానికి కారణాలు వేరు: సుత్తి దెబ్బకు వంగకుండా నేలలోకి దిగడం, తుప్పు తిన్నా కొన్ని దశాబ్దాలు మిగలడం.

విద్యుత్ ఇంజినీరు: మొదటి పొరల్లోనే అధికభాగం ఉందని మీరే ఒప్పుకున్నారు గనుక, ఆ పొరలనే మార్చే పద్ధతిని, అంటే బొగ్గు, ఉప్పు, ఇప్పటి కాలంలో బెంటోనైట్ అనే బంకమన్ను నింపే పద్ధతిని మీరు తీసిపారేయలేరు. తడిసిన బెంటోనైట్ విశిష్ట నిరోధం మూడు ఓమ్-మీటర్ల లోపే ఉంటుంది. రాతిలో 15 సెంటీమీటర్ల వ్యాసంతో బోరు వేయించి, మధ్యలో కడ్డీని నిలిపి, చుట్టూ ఆ ముద్ద నింపితే, విద్యుత్తు దృష్టిలో కడ్డీ లావు 15 సెంటీమీటర్లయినట్లే. మీ సూత్రంలోనే వేసి చూస్తే 33 ఓములు 22 అవుతాయి. మూడింట ఒక వంతు తగ్గింపు అల్పమైనది కాదు.

రేడియో ఇంజినీరు: కాదు. రాతిలో కడ్డీని సుత్తితో దించలేము గనుక బోరు ఎలాగూ తప్పదు, బోరు వేశాక బెంటోనైట్ నింపకపోవడం తెలివితక్కువ. ఉప్పు మాత్రం వద్దు. అది నాలుగు వానలకు కొట్టుకుపోతుంది, పోయేలోగా ఇనుమును తినేస్తుంది.

బొగ్గూ ఉప్పూ గురించి పాత తరం చెప్పే మాటలో ఉప్పు భాగం నిలవదు గానీ, కడ్డీ చుట్టూ మంచి వాహకాన్ని నింపాలన్న మూలసూత్రం నిలుస్తుందని ఇద్దరికీ ఏకీభావం కుదిరింది. అసలు తగాదా ఆ తరువాతిది.

విద్యుత్ ఇంజినీరు: ఎంత నింపినా మీ గుట్ట మీద ఒక కడ్డీకి రెండు వందల ఓములకు తక్కువ రాదు. అమెరికా విద్యుత్ నియమావళి కూడా 25 ఓములు అడుగుతుంది. ఐఈసీ 62305 అనే పిడుగు రక్షణ ప్రమాణం, దాన్నే మనమూ స్వీకరించాము, పది ఓముల లోపు ఉండాలని సూచిస్తుంది. అంకె కుదరని చోట స్తంభం నిలపనివ్వకపోవడమే న్యాయం.

రేడియో ఇంజినీరు: ఆ రెండు అంకెల చుట్టూ ఉన్న వాక్యాలను కూడా చదవాలి. అమెరికా నియమావళి చెప్పేది ఇంతే: ఒకే కడ్డీ ఉండి అది 25 ఓములు దాటితే రెండో కడ్డీ వేయాలి. రెండోది వేశాక ఎన్ని ఓములు వచ్చాయని అది మళ్లీ అడగదు. ఐఈసీ ప్రమాణం పది ఓములను సిఫారసు చేస్తూనే, రూపమూ కొలతలూ అంతకన్నా ముఖ్యమంటుంది. మూడు, నాలుగు తరగతుల రక్షణకు నేల ఏదైనా సరే ఒక్కొక్కటి కనీసం 5 మీటర్ల పొడవున్న పడక పట్టీలు గానీ, అందులో సగం పొడవున్న నిలువు కడ్డీలు గానీ రెండైనా ఉంటే ఒప్పుకుంటుంది. ఎందుకో చిన్న గుణకారంతో తేలుతుంది. మేఘం నుంచి నేలకు దిగే రుణ పిడుగులో మొదటి దెబ్బ తీవ్రత సగటున 30 వేల ఆంపియర్ల ప్రాంతంలో ఉంటుంది. మీరు కోరిన పది ఓములు సాధించామనుకున్నా, ఆ కరెంటు దిగే క్షణంలో ఎలక్ట్రోడ్ దూరపు నేల కన్నా మూడు లక్షల వోల్టులు పైకి లేస్తుంది. అయిదు ఓములు సాధిస్తే లక్షన్నర. రేడియోను కాల్చడానికి వెయ్యి వోల్టులే చాలునన్నప్పుడు, మూడు లక్షలను లక్షన్నర చేసినందువల్ల దానికి ఒరిగేదేమీ లేదు.

విద్యుత్ ఇంజినీరు: అలాగైతే కడ్డీలు పాతడమే దండగ అని తేలుతోంది. గొయ్యి తవ్వే ఖర్చు మిగుల్చుకుని, స్తంభాన్ని దాని పునాది మీద వదిలేయమనండి.

ఈ ప్రశ్న ఎగతాళిగా వచ్చినా, వాదంలో అంతకన్నా బరువైనది లేదు. వోల్టేజీ ఎలాగూ లేచేదే అయినప్పుడు ఎలక్ట్రోడ్‌కు పనేమిటో చెప్పలేకపోతే, దాని కొలతలు నిర్ణయించడానికి ప్రమాణమే ఉండదు.

రేడియో ఇంజినీరు: దండగ కాదు, దాని పని వేరు. పిడుగు కరెంటు ఎటో ఒకవైపు పోయి తీరుతుంది. స్తంభం అడుగున దానికి విశాలమైన దారి ఉంటే అందులో పెద్ద వాటా అక్కడే నేలలోకి దిగుతుంది. లేకుంటే యాంటెన్నాను రేడియోకు కలిపే కోయాక్సియల్ కేబుల్ మీదుగా గదిలోకి వచ్చి, రేడియోలోంచి ఇంటి వైరింగులోకి దూరి, వీధి స్తంభం దాకా వెళ్లి దిగుతుంది. ఎలక్ట్రోడ్ పరిమాణం అంటే ఈ వాటాను నిర్ణయించడమే. కనుకనే రాతి నేలలో లోతుకు పోవడం కన్నా వెడల్పుకు పోవడం మేలు. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీని అర మీటరు లోతు గాడిలో 30 మీటర్ల పొడవున పరిస్తే, ఆ వెయ్యి ఓమ్-మీటర్ల నేలలోనే సుమారు 60 ఓములు వస్తుంది; కడ్డీకి వచ్చిన 335తో పోల్చి చూడండి. స్తంభం అడుగు నుంచి నాలుగు దిక్కులా పదిహేనేసి మీటర్లు పరిస్తే 39 వస్తుంది. పైగా పిడుగు కరెంటు మైక్రోసెకన్లలో ఎగసేది గనుక, ఒకే పొడుగాటి పట్టీలో దూరపు కొనకు అది చేరేలోపే మొదటి మీటర్లలో వోల్టేజీ లేచిపోతుంది. నాలుగు చేతులుగా చీల్చినప్పుడు నాలుగూ ఒకేసారి పని మొదలుపెడతాయి. కడ్డీలే వేసుకుంటే వాటి మధ్య దూరం కడ్డీ పొడవుకు రెట్టింపు ఉండాలన్న ఐఎస్ సూచన కూడా ఇందుకే. దగ్గర దగ్గరగా పాతిన కడ్డీలు ఒకే మట్టిని పంచుకుంటాయి, నాలుగు వేసినా నాలుగో వంతుకు దిగవు.

విద్యుత్ ఇంజినీరు: విస్తరించడం వరకు ఒప్పుకోవచ్చు. కానీ ఇంటి ఎర్తింగును, స్తంభం ఎర్తింగును కలపమంటారు గదా, అది పిడుగును ఇంట్లోకి పిలిచి పీట వేయడమే. రేడియో వారిలోనే చాలామంది తమ పరికరాలకు కరెంటు మలినం అంటని వేరే ఎర్తు కావాలని పట్టుబడతారు.

రేడియో ఇంజినీరు: పట్టుబడేవారు ఈ వృత్తిలో ఉన్నమాట నిజమే, వారు పొరబడుతున్నారు. ఆ వేరే ఎర్తు మీ శాస్త్రం ప్రకారమే ఎంత ప్రమాదమో చూడండి. రేడియో పెట్టెకు ఇంటి ఎర్తు తీసేసి 33 ఓముల కడ్డీ ఒక్కటే తగిలించారనుకుందాం. లోపల ఫేజు తీగ పెట్టెకు తగిలితే 230 వోల్టులను 33 ఓములతో భాగించగా ఏడు ఆంపియర్లు కూడా రావు. కరెంటు మితిమీరితే తెంచే స్విచ్చి, పదహారు ఆంపియర్ల ఎంసీబీ, దానికి కదలదు. పెట్టె గంటల తరబడి షాకు కొడుతూ ఉంటుంది.

విద్యుత్ ఇంజినీరు: ఆ ఒక్క మాట చాలు, ఎంసీబీ సంగతిలో వాదన లేదు. కానీ ఇప్పుడు ఇళ్లలో ఆర్‌సీసీబీ ఉంటుంది. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా లేకపోతే తెంచే ఆ స్విచ్చి 30 మిల్లీ ఆంపియర్లది అయితే, పెట్టెను తాకిన మనిషికి తగిలే వోల్టేజీ యాభై దాటకుండా ఉండడానికి పదహారు వందల ఓముల ఎర్తు కూడా సరిపోతుంది. అంటే మీ 335 ఓముల కడ్డీ సైతం మనిషిని కాపాడుతుంది, విడిగా ఉన్నా సరే.

రేడియో ఇంజినీరు: కరెంటు లోపం నుంచి కాపాడుతుంది. పిడుగు నుంచి కాపాడదు. ఎందుకంటే రెండు ఎర్తులు విడిగా ఉన్నప్పుడు స్తంభం మూడు లక్షల వోల్టులకు లేస్తే ఇంటి ఎర్తు సున్నా దగ్గరే ఉంటుంది, ఆ మొత్తం తేడా యాంటెన్నా కేబులుకూ కరెంటు ప్లగ్గుకూ మధ్య ఉన్న ఒకే వస్తువు మీద పడుతుంది, ఆ వస్తువు రేడియో. రెంటినీ కలిపితే ఇల్లంతా కలిసి పైకి లేస్తుంది. వరదలో పడవా, అందులోని మనుషులూ కలిసి లేచినట్లు, లోపలి వారికి ఎత్తు తెలియదు. కేబుళ్లు ఇంట్లోకి వచ్చే చోట రాగి పలక ఒకటి బిగించి, ప్రతి కేబులు పైతొడుగునూ, వోల్టేజీ పోటును ఎర్తుకు మళ్లించే సర్జ్ అరెస్టరునూ, రేడియో పెట్టెనూ, కరెంటు బోర్డు ఎర్తునూ ఆ ఒక్క పలకకే తేవాలి, ఆ పలకను స్తంభం ఎర్తింగుతో కలపాలి. అమెరికా నియమావళి కూడా యాంటెన్నా ఎలక్ట్రోడ్ వేరుగా ఉంటే దాన్ని ఇంటి ఎలక్ట్రోడ్‌తో ఆరో నంబరు రాగి తీగతో, అంటే పదమూడు చదరపు మిల్లీమీటర్ల తీగతో, కలిపి తీరాలంటుంది. ఇంట్లో బోరుబావి ఉండి దాని కేసింగు గొట్టం ఇనుముదైతే దాన్ని కూడా ఇందులో చేర్చాలి. రాయి తగిలేదాకా దిగిన ఆ గొట్టం, కొత్తగా వేసే ఏ కడ్డీ కన్నా మంచి ఎలక్ట్రోడ్ అయి ఉండవచ్చు.

విద్యుత్ ఇంజినీరు: పదమూడు చదరపు మిల్లీమీటర్ల తీగ మీద పిడుగును పంపుతారా? అది ఆవిరైపోదా?

రేడియో ఇంజినీరు: ఐఈసీ పట్టికలో లెక్క ఉంది. లక్ష ఆంపియర్ల పిడుగు 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను దాటినప్పుడు దాని వేడి 56 డిగ్రీలు పెరుగుతుంది, అంతే. కరెంటు పెద్దదే గానీ కాలం చిన్నది. యాంటెన్నాల భద్రతా ప్రమాణం కూడా స్తంభం నుంచి దింపే తీగకు 16 చదరపు మిల్లీమీటర్ల రాగిని కనిష్ఠంగా ఒప్పుకుంటుంది. నేలలో పాతే వాహకానికి యాభై అడిగేది కరగకుండా కాదు, కుళ్లకుండా. ఇక్కడ భయపడవలసింది కరగడానికి కాదు, ప్రేరకత్వానికి. అంటే కరెంటులోని మార్పును తీగ తనంతట తాను అడ్డుకునే గుణానికి. మీటరు తీగకు అది సుమారు ఒక మైక్రోహెన్రీ. మైక్రోసెకనుకు పదివేల ఆంపియర్ల చొప్పున కరెంటు ఎగస్తే మీటరుకు పదివేల వోల్టులు. మేడ గది నుంచి పది మీటర్లు మెలికలు తిరుగుతూ దిగిన తీగ ఎంత లావుదైనా, దాని పై కొన నేల ఎర్తు కన్నా లక్ష వోల్టులు ఎత్తులో ఉంటుంది. కాబట్టి తీగను లావు చేయడం కన్నా పొట్టి చేయాలి, కేబులును మేడ ఎత్తున కాక నేల దగ్గర ఇంట్లోకి తేవాలి.

విద్యుత్ ఇంజినీరు: ఇంతసేపూ ఒక్క ప్రశ్న వేచి ఉంది. స్తంభం పునాదిలో రెండు ఘనమీటర్ల కాంక్రీటూ, అందులో ఇనుప ఊచలూ ఉన్నాయి. కాంక్రీటు పొడిగా కనిపించినా నేల నుంచి తేమ పీలుస్తుంది.

రేడియో ఇంజినీరు: రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హెర్బర్ట్ యూఫర్ అనే అమెరికన్ ఇంజినీరు అరిజోనా ఎడారిలోని బాంబుల గిడ్డంగులకు ఈ కిటుకే వాడారు. కడ్డీలు పనిచేయని పొడి ఇసుకలో పునాది ఊచలనే ఎలక్ట్రోడ్ చేశారు, ఏళ్ల తరువాత కొలిచినా కొద్దిపాటి ఓములే చూపాయి. గుట్ట మీద కూడా మొదటి ఎలక్ట్రోడ్ పునాదే కావాలి. కాంక్రీటు పోయకముందే ఊచలను కట్టి, ఒకదానితో ఒకటి కలిపి, ఒక కొనను బయటికి తీయాలి. పోశాక గుర్తొస్తే ప్రయోజనం లేదు.

విద్యుత్ ఇంజినీరు: పిడుగు పడితే కాంక్రీటు పగులుతుందన్న ఫిర్యాదులు ఉన్నాయి.

రేడియో ఇంజినీరు: ఒక ఊచ దగ్గరే కరెంటంతా చేరి, చుట్టూ తేమ ఆవిరైతే పగులుతుంది. ఊచలన్నీ కలిసి ఉండి, పక్కన నాలుగు చేతుల పట్టీ వాటా పంచుకుంటే ఆ ముప్పు చాలా తగ్గుతుంది.

విద్యుత్ ఇంజినీరు: అక్కడే మీ పథకంలో లొసుగుంది. పట్టీ రాగిదా, జీఐదా? రాగి పెడితే స్టే వైర్ల లంగరు కడ్డీల మీద ఉన్న జింకు తడి నేలలో రాగికి బలవుతుంది, కొన్నేళ్లకు లంగరే తెగి స్తంభం ఒరుగుతుంది. జీఐ పెడితే పట్టీ చవక, లంగరుకు ముప్పూ లేదు.

రేడియో ఇంజినీరు: లంగరు సంగతి పూర్తిగా నిజం, ఈ పని చేసేవారిలో దాన్ని లెక్కచేయనివారే ఎక్కువ. కానీ కాంక్రీటులోని ఉక్కు, విద్యుత్ రసాయన లెక్కలో రాగికి దగ్గరగా ప్రవర్తిస్తుంది. జీఐ పట్టీని పునాది ఊచలకు కలిపిన మరుక్షణం నుంచి ఆ పట్టీ జింకే ముందుగా కరుగుతుంది. అందువల్ల నేలలోని పట్టీ రాగిది గానీ, స్టెయిన్‌లెస్ ఉక్కుది గానీ కావాలి. లంగర్లను మట్టిలో వదలక కాంక్రీటులో పోయాలి, ఏటా తవ్వి చూడాలి.

విద్యుత్ ఇంజినీరు: ఏటా తవ్వి చూసే యజమాని ఎవరో చూపించండి.

రేడియో ఇంజినీరు దీనికి జవాబివ్వలేదు. యాంటెన్నా సామర్థ్యానికి కూడా కడ్డీ పనికొస్తుందా అన్న అనుబంధ ప్రశ్న మాత్రం ఒక్క మాటలో తేలింది. నిలువు యాంటెన్నాకు కావలసింది లోతైన కడ్డీ కాదనీ, పాదం చుట్టూ వెదజల్లిన తీగలనీ 1937లో బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ ప్రయోగాలు నిరూపించాక ఆ విషయంలో చర్చకు పెద్దగా చోటు లేదు.

విద్యుత్ ఇంజినీరు: ఓములే ప్రధానం కాదన్నది ఒప్పుకున్నా, కొలవడం మానకూడదు. కొలిచే అంకె లేకపోతే గుత్తేదారు రెండడుగుల కడ్డీ పాతి మూడు మీటర్లకు బిల్లు పెడతాడు, పట్టీ జోడు ఊడిపోయినా ఎవరికీ తెలియదు.

రేడియో ఇంజినీరు: కొలవాలి, కానీ తీగ చుట్టూ బిగించి చూసే క్లాంపు మీటరుతో కాదు. పట్టీలూ ఊచలూ ఇంటి ఎర్తూ కలిసి వలయమయ్యాక ఆ మీటరు నేలను వదిలి లోహపు వలయాన్నే కొలిచి, అర ఓము అని చెప్పి సంతోషపెడుతుంది. మూడు గూటాల పద్ధతిలోనే కొలవాలి. కరెంటు గూటాన్ని ఎలక్ట్రోడ్ విస్తీర్ణానికి ఎన్నో రెట్ల దూరంలో పాతి, వోల్టేజీ గూటాన్ని ఆ దూరంలో 62 శాతం దగ్గర ఉంచి చూడాలి. గుట్ట మీద, పక్కింటి ప్రహరీల మధ్య అంత ఖాళీ దొరకడం కష్టం. కనుక ఇంటి ఎర్తుతో కలపక ముందు కొలవడమే వీలు.

విద్యుత్ ఇంజినీరు: అయితే పట్టికలో మూడు వరుసలు ఉండాలి: పునాది ఊచలు విడిగా, పట్టీ విడిగా, రెండూ కలిపి. కొలిచేది మే నెలలో, నేల ఎండి ఉన్నప్పుడు. వానాకాలపు అంకె చూపి సంతకం అడిగితే ఈ పక్షం సంతకం పెట్టదు. మీ పట్టీకి 39 అని లెక్క వచ్చింది గనుక మేలో 60 వచ్చినా పనిని తిప్పి పంపేది లేదు. కానీ ఆ మూడు అంకెలూ, ఇంటి ఎర్తుతో కలిపే లింకు ఎక్కడుందో చూపే పటమూ కరెంటు బోర్డు తలుపు లోపలి వైపు అతికించి ఉండాలి.

రేడియో ఇంజినీరు దానికి ఒప్పుకుని, లంగర్ల తనిఖీ తేదీకి కూడా అదే కాగితంలో ఒక గడి గీయాలని కోరారు.